దిగుడు

తాటిచెట్టు ఎక్కుడు ఎవనికైనా వస్తది.
దిగుడే రాదు.
మా నాయిన ఈ మాటంటే నవ్వెటోణ్ణి,
డెబ్బై అడుగుల మీద మోకు జారినదాకా.

ఇప్పుడు డిండి తొవ్వల
రాకెట్ కంపెనీ గేటుకాడ నా కుర్చీ.
నీలం అంగీ, ఈల, ఒక రిజిస్టరు.
కక్కిరేణి పరమేశు అని జేబు మీద కుట్టిచ్చిండ్రు.
వాళ్ళు కాంక్రీటు గద్దె పోసిన జాగల
ముప్పై ఆరు తాళ్ళుండె.
ఏది పోతుదో, ఏది పరుపుదో,
ఏది ఎండకాలం మోసం జేస్తదో
నా కాళ్ళకెరుక.
ఒక్కదాన్ని ఉంచి దాని నెత్తికి గాలిసంచి కట్టిండ్రు.
కట్టింది నేను గాదు.
నా కాలు జూసి వేరే పిలగాణ్ణి ఎక్కిచ్చిండ్రు.
వాడు మంచిగనే ఎక్కిండు.
దించనీకి క్రేను తెప్పిచ్చిండ్రు.

పొద్దుగాల ఆరింటికి సైరన్.
మేకలను ఆవలికి కొట్టొచ్చుడు నా పని.
తండా దీప్లి మూడుసార్లు లెక్కబెట్టి
ఒకటి తక్కువొచ్చిందని నాతోని కొట్లాడతది.
ఆ కొట్లాటలనే
లోపల పది, తొమ్మిది అని ఎనక్కి లెక్క మొదలైతది.
ఇన్నేండ్లల్ల మా చెల్కలకు రాని నీళ్ళు
ట్యాంకర్లల్ల వచ్చి, మంట కింద పారి, పొగైతయ్.
సప్పుడు ముందు రొమ్ముకు తాకి
ఎనక చెవులకొస్తది.

వంద మీటర్లంట.
ఐదు తాళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టినట్టు.
ఆడ ఆగుతది. గాలిల.
మోకు లేదు, గుజి లేదు, ఆనుకోను మాను లేదు.
నా అరికాళ్ళు గుంజుతయ్.

హోలీకి ముందు ఒకపారి కూలబడ్డది.
నాలుగు కాళ్ళల్ల ఒకటి తొందరపడ్డది,
మిగిలినయి ఆలస్యమైనయ్.
సూడంగనే తెలిసింది నాకు,
నేను పడ్డదీ గట్లనే.
ఉజ్వల మేడం కంప్యూటర్ల ముందు కూసోని
పదకొండో రోజు కనుక్కున్నది.
నేను చెప్పలే. అడిగిందెవరు?

ఈసారి లోపల ఒక కుర్చీ బిగిచ్చిండ్రు,
రేపు పైసలున్నోళ్ళు కూసునేది.
మబ్బులు దాటిపోయి, భూమిని జూసి, వచ్చేస్తరంట.
టికెట్టు ఎంతో మేడం చెప్పింది,
సున్నాలకాడ నా ఇనికిడి తప్పింది.
మా నాయిన రెండుపూటలా జూసెటోడు:
దేవరకొండ ఖిల్లా, డిండి నీళ్ళ మెరుపు,
ఎవరింట్ల పొయ్యి రాజలేదో అది కూడ.
దిగేటప్పుడు నిండు లొట్టి తెచ్చెటోడు.
"వీళ్ళేం తెస్తరు మేడం?" అన్న.
కొంచెంసేపు ఆలోచించింది.
"ఫోటోలు" అని, తనే నవ్వింది.

కుర్చీల మనిషికి బదులు ఇసుక సంచి,
తూకమేసి కుట్టింది, డెబ్బై రెండు కిలోలు.
మోసింది నేను.
నవ్వులాటకు నన్నూ కాంటా మీద నిలబెట్టిండ్రు.
డెబ్బై రెండే.

పోయింది. ఆగింది. ఇగ దిగుతున్నది.
కాళ్ళు సాపి, మోకాళ్ళు ఒంచి,
నిండు లొట్టితోని దిగేటోని లెక్క
తొణకకుంట,
మంటను గుక్కగుక్కగ మింగుకుంట,
నాలుగు కాళ్ళు ఒక్కపారే ఆనిచ్చింది.
లోపల కేకలు, ఈలలు.
ఎవలో ఎవలనో ఎత్తుకొని తిప్పుతున్నరు.
నేను నా కుంటికాలు దిక్కు సూసుకున్న.

పొగ సల్లారినంక సంచి దించమన్నరు.
బెల్టు ఇప్పిన. ఎచ్చగుంది.
డిండి వాగు ఇసుక, నా అంత బరువు,
ఒక్క గింజ రాలకుంట దిగొచ్చింది.
ఏం జూసినవని అడగబుద్ధైంది.
భుజానేసుకొని గేటుదాక తెచ్చిన.
యాడ పెట్టాల్నో ఎవ్వరూ చెప్పలే.
నా కుర్చీల కూసోబెట్టి
నేను నిలబడ్డ.